పాత సీడీ ప్లేయర్ 'నో డిస్క్' అంటోందా? లెన్స్ మార్చే ముందు ఇవి చూడండి

అమలాపురం, రాజోలు వైపు చాలా ఇళ్లలో షోకేసులో ఓ పాత సీడీ ప్లేయర్ కనిపిస్తుంది. కువైట్ నుంచో మస్కట్ నుంచో ఎవరో తెచ్చింది. మా ఇంట్లోదీ అలాంటిదే. ట్రే సగం వచ్చి ఆగిపోతుంది, డిస్క్ పెడితే 'నో డిస్క్' అంటుంది. రిపేర్ షాపులో "లెన్స్ పోయింది, పాత సామానుకి వేసేయండి" అన్నారు. కానీ ఈ ఎర్రర్‌కి లెన్స్ ఒక్కటే కారణం కాదు.

ముందు టెస్ట్ డిస్క్ సంగతి. మన ఇళ్లలో మిగిలినవి ఎక్కువగా రైట్ చేయించిన ఎంపీ3 సీడీలే. పాత ఆడియో ప్లేయర్ వాటిని పాడలేదు. ఒరిజినల్ ఆడియో సీడీతోనే చూడండి.

ప్లే నొక్కగానే లెన్స్ రెండు మూడుసార్లు పైకీ కిందకీ కదిలి ఫోకస్ వెతుకుతుంది. డిస్క్ నుంచి వెలుగు సరిగ్గా తిరిగొస్తేనే పని ముందుకు సాగుతుంది. ఆ లేజర్ 780 నానోమీటర్లది, కంటికి దాదాపు కనిపించదు. కాబట్టి పైనుంచి తొంగి చూడొద్దు. పక్క నుంచి ఫోన్ కెమెరా పెడితే చిన్న మెరుపు దొరకొచ్చు. వెనక కెమెరాలో కనిపించకపోతే సెల్ఫీ కెమెరా ట్రై చేయండి.

ప్లగ్ తీసి, కాసేపాగి మూత విప్పాను. ట్రే బెల్ట్ సాగిపోయి ఉంది. పాత టేప్ రికార్డర్లు బాగుచేసేవాళ్ల దగ్గర అడిగితే సైజుకి తగ్గది దొరుకుతుంది. లెన్స్ మీద పొరలాగా మసక. దూదిపుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, ఒత్తకుండా తుడవాలి. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడితే ప్లాస్టిక్ లెన్స్ ఖతం.

అసలు దోషి మాత్రం పికప్ జరిగే పట్టాల మీద గట్టిపడిన గ్రీజు. పాటల జాబితా డిస్క్ లోపలి అంచున ఉంటుంది. పికప్ అక్కడిదాకా వెళ్లలేకపోతే ప్లేయర్‌కి ఏమీ చదవడం రాదు. పాత గ్రీజు మొత్తం తీసి, ప్లాస్టిక్‌కి పనికొచ్చే తెల్ల గ్రీజు కొంచెం రాశాను. కొబ్బరినూనె మాత్రం వద్దు! కోనసీమలో తలుపు కిర్రుమన్నా మన చెయ్యి ఆ సీసా మీదకే పోతుంది. కానీ అది 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. సంక్రాంతి పొద్దున్న పట్టాలు మళ్లీ బిగుసుకుంటాయి.

పికప్ పక్కన బుల్లి స్క్రూ లాంటి ప్రీసెట్ ఉంటే దాని జోలికి వెళ్లకండి. తిప్పి లేజర్ పవర్ పెంచితే కొన్నాళ్లు పాడుతుంది, తర్వాత డయోడ్ కాలిపోవచ్చు. చాలా మోడళ్లకి ఒరిజినల్ పికప్‌లు ఇప్పుడు దొరకడం కష్టం. కొత్తది వేయాల్సే వస్తే, దాని మీద స్టాటిక్ నుంచి కాపాడే చిన్న సోల్డర్ చుక్క ఉంటుంది. కేబుల్ పెట్టాకే దాన్ని తీయాలి.

ఇప్పుడు మాది పాడుతోంది. చివరి పాటల్లో మాత్రం అక్కడక్కడ దాటేస్తోంది. సీడీని లోపలి నుంచి బయటికి చదువుతుంది కాబట్టి, పట్టా బయటి చివర ఇంకా గ్రీజు మిగిలిందని నా అనుమానం. ఆదివారం మళ్లీ విప్పాలి.