పగటి కరెంటును పగలే వాడుకుంటే

ఇంటి మీద సోలార్ పెట్టించాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది బిల్లు సున్నా వస్తుందా అని. అంతకంటే ముందు చూసుకోవలసింది, మన ఇంట్లో కరెంటు ఏ వేళలో ఖర్చవుతోందన్నది. ధర సంగతి ఇప్పటికే చాలావరకు తేలిపోయింది. వెలుతురుతో కరెంటు పుడుతుందని ఫ్రాన్స్‌లో బెకరెల్ 1839లోనే గమనించినా, పనికొచ్చే సిలికాన్ సోలార్ సెల్ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1954లో గానీ తయారు కాలేదు. అది తన మీద పడిన ఎండలో సుమారు 6 శాతాన్నే కరెంటుగా మార్చేది. ఖరీదెక్కువ కావడంతో మొదట ఉపగ్రహాలకే పరిమితమైంది. 1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలో దాన్ని వాడారు. 1973 చమురు సంక్షోభం ప్రభుత్వాల దృష్టిని ఇటు మళ్లించింది. ఆ తర్వాత సోలార్ కరెంటుకు జర్మనీ ఇచ్చిన కొనుగోలు హామీ, చైనా ఫ్యాక్టరీల భారీ ఉత్పత్తి కలిసి ధరను నేలకు దించాయి. ఇప్పటి ప్యానెళ్ల సామర్థ్యం 20 శాతం దాటింది.

మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. డాబా మీద వంద చదరపు అడుగుల చోటుంటే చాలు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ వస్తుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు బిల్లు లేని కుటుంబాలకు మాత్రం సొంత డబ్బు పెట్టినందువల్ల పెద్దగా కలిసొచ్చేది లేదు. ఆ మాట దాచి అమ్మజూపడం అన్యాయం. నెలకు మూడు నాలుగు వందల యూనిట్లు కాల్చే ఇళ్లకే ఇది అసలైన మేలు.

అయితే ప్యానెళ్లు దండిగా ఇచ్చేది మిట్టమధ్యాహ్నం, మనం ఏసీ వేసుకునేది రాత్రి. నెట్ మీటర్ ఉంటే పగలు మిగిలింది గ్రిడ్‌కి పోయి, రాత్రి వాడకంలో తీసివేతకు వస్తుంది కదా అంటారు. నిజమే, ఈ రోజుకు. కానీ ఆ ఏర్పాటు ప్రభుత్వ నిబంధన మీద నిలబడింది. మనవాళ్లు ఎందరో ఉంటున్న కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరేవాళ్లు గ్రిడ్‌కి పంపే యూనిట్ విలువను బాగా తగ్గించేశారు. ఇక్కడ కూడా లెక్క తేల్చే గడువుకు మిగిలిన యూనిట్లకు విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఇచ్చేది మనం కొనే ధర కంటే తక్కువే. అందుకే ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు, వాషింగ్ మెషిన్, గ్రైండర్, ఇస్త్రీ పెట్టె పదకొండు నుంచి మూడు గంటల మధ్య నడిపే ఇంటికి ఏ నిబంధన మారినా నష్టం తక్కువ. పగలంతా తాళం వేసి ఉండే ఇల్లయితే పెద్ద ప్లాంటు జోలికి పోకపోవడమే మంచిది.

ఎండ వేడి పెరిగితే ఉత్పత్తి కూడా పెరుగుతుందనుకోవడం పొరపాటు. 25 డిగ్రీలు దాటాక ప్యానెల్ వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది, అందుకే కింద గాలి ఆడేలా ఎత్తుగా బిగించాలి. నీళ్ల ట్యాంకు నీడ ఒక ప్యానెల్ మూల మీద పడినా, దానితో వరుసగా కలిపిన మిగతావాటి ఉత్పత్తి కూడా తగ్గవచ్చు. దుమ్మును తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు కడగాలి. ఇక కరెంటు పోతే ఎంత ఎండ కాస్తున్నా మామూలు ఆన్‌గ్రిడ్ ప్లాంటు ఆగిపోతుంది, స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా. కోతలు ఎక్కువున్న ఊళ్లో హైబ్రిడ్ ఇన్వర్టర్, చిన్న బ్యాటరీ పెట్టించుకోవాలి. ఖర్చు పెరుగుతుంది గనక ఆ లెక్క కొటేషన్ తీసుకునేటప్పుడే విడిగా రాయించుకోవాలి.