దేవుడిచ్చిన పని చిన్నదా?

"నేనేం చేయడం లేదండీ, ఇంట్లోనే ఉంటాను." మా చర్చి స్త్రీల కూడికలో కొత్తగా వచ్చినవాళ్లని పరిచయం చేసుకోమంటే చాలామంది ఈ మాటే అంటారు. అలా అన్నావిడ తెల్లవారుజామునే లేచి నీళ్లు పట్టి, వంట చేసి, పిల్లలకు క్యారియర్లు కట్టి, ఇల్లు సర్ది మరీ వచ్చి ఉంటుంది. అయినా 'ఏం చేయడం లేదు'! దేవుని పిలుపు అనగానే మనకు గుర్తొచ్చేది పాస్టరుగారో, బైబిలు స్త్రీయో, సముద్రాలు దాటి వచ్చిన మిషనరీ దొరసానో. మనబోటివాళ్లకు పిలుపేమిటి అనుకుంటాం.

మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడి నాలుగేళ్లయింది. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, జావ తాగించడం... నా రోజంతా దాంతోనే సరి. "పాపం, దేవుని సేవకు రాలేకపోతున్నావు" అని ఎవరైనా జాలిపడితే మనసు చివుక్కుమనేది. మరి నేను చేస్తున్నదేమిటి?

ఆ రోజుల్లోనే అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో తబితా దగ్గర ఆగిపోయాను. యొప్పే ఊళ్లో ఉండే ఈవిడ ప్రసంగం చేసినట్టు ఎక్కడా లేదు. పేదలకు సాయం చేసేది, బట్టలు కుట్టేది. ఆమె చనిపోతే దగ్గర్లోని లుద్ద నుంచి పేతురును పిలిపించారు. మేడగదిలో విధవరాళ్లు ఏడుస్తూ ఆయనకు చూపించినవేమిటో తెలుసా? ఆమె కుట్టిన అంగీలు! గ్రీకు మూలంలో 'శిష్యురాలు' అనే స్త్రీలింగ పదం కొత్త నిబంధన మొత్తంలో ఒక్కసారే వస్తుంది. అది ఈ కుట్టుపని చేసే ఆవిడకే.

కోరుకున్న పని ఒకటి, చేతికొచ్చిన పని మరొకటి అయితే? గుంటూరు వాళ్లకు కుగ్లర్ పేరు కొత్తగాదు. అన్నా కుగ్లర్ అమెరికాలో 1879లో వైద్యం చదివి పట్టా పుచ్చుకున్నారు. 1883లో లూథరన్ మిషన్ ఆమెను గుంటూరు పంపింది, డాక్టరుగా కాదు, టీచరుగా! ఆవిడ అలిగి ఇంటికి పోలేదు. చదివిన చదువును పెట్టెలో దాచిపెట్టనూ లేదు. అప్పగించిన పని చూసుకుంటూనే, మగ డాక్టరు ముందుకు రాని ఆడవాళ్లకు వైద్యం చేశారు. రెండేళ్ల తర్వాత, 1885లో, ఆమెను వైద్య మిషనరీగా నియమించారు. ఆసుపత్రి తెరిచింది 1898లో. అంటే వచ్చిన పదిహేనేళ్లకు! 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. నాకు ఆసుపత్రి కంటే ఆ మొదటి రెండేళ్లే ఎక్కువ ఇష్టం. ముందేం జరుగుతుందో అప్పుడు ఆమెకు తెలియదు కదా.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. "ఉన్నదాంతో తృప్తిపడు, దేవుడు నీకిచ్చింది ఇంతే" అని ఆడవాళ్ల నోరు మూయించడానికి వాక్యాన్ని వాడేవాళ్లున్నారు. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి భరించడం కూడా దేవుడిచ్చిన పనేనట! వీళ్లు ఎత్తి చెప్పేది పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక. ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని ఆయన బంధకాల్లో ఉండి రాశాడు, నిజమే. నేర్చుకున్నాను అన్నాడు గానీ పుట్టుకతో వచ్చిందనలేదు, అది గమనించాలి. ఇంకో సంగతి. అదే ఫిలిప్పీలో ఆయన్ను విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేశారు. మర్నాడు గుట్టుచప్పుడు కాకుండా వెళ్లిపొమ్మంటే వెళ్లాడా? "మేం రోమీయులం, అధికారులే వచ్చి మమ్మల్ని బయటకు తీసుకెళ్లాలి" అని కూర్చున్నాడు. వాళ్లొచ్చి బతిమాలుకున్నారు. తృప్తి గురించి రాసినాయనా, నిలదీసినాయనా ఒక్కరే.

అందుకే నేనూ అడిగాను. "అమ్మను చూసుకోవడం నాకు భారం కాదు, కానీ ఆదివారం మూడు గంటలు నాకు కావాలి" అని మావారితో, మరిదితో చెప్పాను. మొదట ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు ఆదివారం జావ మా మరిదే కాస్తాడు. మొదటివారం మాడ్చాడనుకోండి. మా అత్తగారు ఒక్కమాట అనకుండా తాగేశారు. నేను కాస్తే మాత్రం ఇప్పటికీ ఉప్పు తక్కువైందని సైగ చేస్తారు.