ఏ గంట తొందరగా గడిచింది?

క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో ఆఫర్ వచ్చిన రోజు హాస్టల్లో ఫ్లోర్ మొత్తానికీ బిర్యానీ తినిపించాను. చదివింది మెకానికల్, వచ్చింది సాఫ్ట్‌వేర్. "ముందు ఉద్యోగంలో చేరరా, తర్వాత చూసుకోవచ్చు" అన్నారు నాన్న. ఆ చూసుకోవడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫైనలియర్ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నా.

జావా నేర్పించి సపోర్ట్ ప్రాజెక్టులో వేశారు. రాత్రి షిఫ్టు. క్లయింట్ అప్లికేషన్‌లో ఏదైనా ఆగిపోతే టికెట్ వస్తుంది, గడువులోపు సరిచేసి మూసేయాలి. ఆరు నెలలకే నాకు సాఫ్ట్‌వేర్ పడదని తేల్చేసుకుని గేట్ పుస్తకాలు బయటకు తీశాను. మానేసి చదువుకుందామంటే నెలనెలా ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ.

అప్పుడు టీమ్‌లో సీనియర్ అక్క ఒకరు అడిగారు: "నీకు పడనిది సాఫ్ట్‌వేరా, రాత్రి షిఫ్టా?"

నా దగ్గర జవాబు లేదు. ఒక నోట్‌బుక్ పెట్టాను. షిఫ్టు అయ్యాక రెండే లైన్లు: ఏ పనిలో టైమ్ తెలియలేదు, ఏ పని వాయిదా వేశాను. నెల తర్వాత తిరగేశాను. కాల్స్‌లో స్టేటస్ చెప్పడం ప్రతిరోజూ వాయిదాల లైన్లోనే ఉంది. ఒకే టికెట్ మళ్ళీమళ్ళీ ఎందుకొస్తోందో లాగ్స్‌లో వెతికిన రోజు మాత్రం టీ కూడా గుర్తురాలేదు. మెషిన్ టూల్స్ ల్యాబ్‌లో లేత్ మీద జాబ్ ఒక చివర సన్నబడుతుంటే, టెయిల్‌స్టాక్ లైన్‌లో లేదని కనిపెట్టేదాకా కదలకుండా కూర్చున్నదీ నేనే కదా! బ్రాంచ్ మారింది, బుద్ధి మారలేదు.

ఉద్యోగం పేరు చూస్తే ఇది తెలియదు. డేటా సైంటిస్టు అంటాం, వాళ్ళ రోజులో పెద్ద భాగం డేటా శుభ్రం చేయడమే. సైట్ ఇంజనీర్‌కి కొలతలు, బిల్లులు, మేస్త్రీలతో వాదనలు. అందుకే సీనియర్లు ఎదురుపడితే ప్యాకేజీ ఎంతని కాకుండా, "నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?" అని అడగండి. (ప్యాకేజీ కూడా అడగండి, తప్పేం లేదు.)

మారాలనుకుంటే ఆఫర్ లెటర్ మళ్ళీ చదవండి. బాండ్ ఉందా, నోటీసు పీరియడ్ ఎంత? 90 రోజులు అడిగే కంపెనీలు చాలా ఉన్నాయి, కొత్తచోట అన్నాళ్ళు ఆగుతారో లేదో ముందే కనుక్కోవాలి. గేట్ స్కోరు 3 ఏళ్ళు చెల్లుతుంది కదా అని ధీమాగా ఉండకండి. ఎంటెక్‌కి సరే, పీఎస్‌యూలు మాత్రం తరచుగా నోటిఫికేషన్‌లో ఫలానా ఏడాది స్కోరే కావాలంటాయి.

నేను కంపెనీ మారలేదు. పర్ఫార్మెన్స్ టెస్టింగ్ టీమ్‌లోకి పంపమని మేనేజర్‌ని అడిగాను. ఎనిమిది నెలలు పట్టింది, జీతం ఒక్క రూపాయి పెరగలేదు. ఇప్పుడు పగలే పని, సిస్టమ్ ఎక్కడ నెమ్మదిస్తోందో వెతకడం. స్టేటస్ కాల్స్ ఇక్కడా ఉన్నాయి, వారానికి రెండు. అవి ఇప్పటికీ వాయిదాల లైన్లోనే రాస్తున్నా.