నలిగిన రీడూ పలుకుతుంది

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో భావనపాడు సముద్రపు ఒడ్డు ఊరు. దగ్గరలోనే నౌపడ ఉప్పు మడులు. ఆ తీరంలో గాలికి కూడా ఉప్పదనం ఉంటుంది. తలుపు గొళ్లేన్ని, సైకిలు చైనును, పడవకు కొట్టిన మేకును తినేసే ఆ గాలి ప్రార్థన మందిరంలోని వాయిద్యాన్ని మాత్రం విడిచిపెడుతుందా? అందులోనూ అది పాత పియానో అకార్డియన్ అయితే చెప్పనక్కర లేదు.

వియన్నాలో సిరిల్ డెమియన్ 1829లో అకార్డియన్ పేరుతో పేటెంటు పొందాడు. పియానో మెట్లు దానికి తర్వాతి కాలంలో అమిరాయి. మన తెలుగు సంఘాల్లో హార్మోనియందే పెద్దపీట. అయినా అకార్డియన్‌కు ఒక సౌకర్యం ఉంది. హార్మోనియం ముందు సాధారణంగా కూర్చోవాలి. అకార్డియన్‌ను భుజాలకు తగిలించుకొని నిలబడి, నడుస్తూ కూడా వాయించవచ్చు. వీధి కూటానికీ, క్రిస్మస్ కేరల్స్‌కూ అది చక్కగా సరిపోతుంది. తరువాత ఎలక్ట్రానిక్ కీబోర్డులు వచ్చాయి. పాత పెట్టె బీరువా ఎక్కింది. ఎప్పుడైనా దించి తెరిస్తే ఒక స్వరం మూలుగుతుంది, మరొకటి అసలు పలకదు. అప్పుడు రెండు సలహాలు వినిపిస్తాయి. పారేయమని ఒకరు, ఆకురాయితో నాలుగు గీతలు గీస్తే అదే బాగుపడుతుందని మరొకరు. రెండూ తొందరపాటు మాటలే.

దాని లోపల ఏముందో చూద్దాం. హార్మోనియంలో రీడ్లు సాధారణంగా ఇత్తడివి, అకార్డియన్‌లో ఉక్కువి. సన్నని ఉక్కు నాలుక ఒక కొసన రివెట్‌తో బిగిసి ఉంటుంది, రెండో కొస గాలి తగిలినప్పుడు ఊగుతుంది. తిత్తి లాగినప్పుడు ఒక రీడు పలికితే, నొక్కినప్పుడు దాని జత పలుకుతుంది. కుడిచేతి వైపు 41 మెట్లు, మెట్టుకు రెండు వరుసల రీడ్లు ఉన్న పెట్టెను తీసుకుంటే, ఆ ఒక్క వైపే 164 రీడ్లు. పలకవలసిన రీడుకే గాలి అందేలా, ఊరుకోవలసిన రీడును ఒక చిన్న తోలుముక్క మూసి ఉంచుతుంది. ఈ రీడు పలకలను చెక్క దిమ్మెకు తేనెమైనం, రోజనం కలిపి అతికిస్తారు.

శ్రుతి చేయడం చెప్పడానికి సులువే. రీడు కొన దగ్గర కొంచెం లోహం తీస్తే బరువు తగ్గి వేగంగా ఊగుతుంది, శ్రుతి పెరుగుతుంది. మొదలు దగ్గర తీస్తే బిగువు తగ్గుతుంది, శ్రుతి దిగుతుంది. రీడు కింద పల్చని రేకు ఆనించి, వెంట్రుకవాసి గీకుతారు. గాలి ఊది విని మళ్లీ గీకుతారు. బల్ల మీద సరిగ్గా పలికిన రీడు పెట్టెలో బిగించాక కొంచెం తేడాగా పలకవచ్చు. అందుకే బిగించి విని, విప్పి సవరించి, మళ్లీ బిగించాలి. ఓపిక లేనివాడు ఈ పనికి పనికిరాడు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. తీసిన లోహాన్ని మళ్లీ పెట్టలేం. ఎక్కువ గీకితే రెండోవైపు కూడా గీకి సరిచేయవచ్చు గాని, అలా చేసినకొద్దీ రీడు పలచబడి బలహీనమవుతుంది. ఒకనాడు విరిగిపోతుంది. అందుకే పని తెలిసినవాడు ఆకురాయిని ముందుగా పట్టడు. మొదట దుమ్ము తుడుస్తాడు. ముడుచుకుపోయిన తోలుముక్కలను మారుస్తాడు. ఎండి పగిలిన మైనాన్ని తీసి కొత్తది పోస్తాడు. తుప్పును జాగ్రత్తగా తొలగిస్తాడు. ఇవన్నీ అయ్యాకే శ్రుతి చూస్తాడు. మూగబోయిందనుకున్న రీడు చాలాసార్లు ఒక చిన్న దూదిపోగు తీయగానే పలుకుతుంది. లోపం ఉక్కులో లేదు, దాని మీద చేరినదానిలో ఉంది.

ఇంకొక మెలకువ. ఒకే స్వరానికి ఉన్న రెండు రీడ్లలో ఒకటి సెకనుకు 440 సార్లు, రెండోది 442 సార్లు ఊగితే, సెకనుకు రెండు అలలుగా నాదం పైకీ కిందికీ ఊగుతుంది. ఇది లోపం కాదు. ఆ వణుకు కోసమే చాలా అకార్డియన్లలో రెండు వరుసలకు కొద్దిపాటి తేడా ఉంచుతారు. తేడా మితిమీరితే మాత్రం చెవికి పోట్లాటలా ఉంటుంది. ఏ తేడాను ఉంచాలో, ఏ తేడాను సరిచేయాలో తెలుసుకోవడమే ఇక్కడి విద్య. తేడాలన్నీ చెరిపేస్తే నాదంలోని ఆ అందం పోతుంది.

శ్రుతి మీద ఇంత శ్రద్ధ అవసరమా అని అడగవచ్చు. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలను మన సంఘాలు రాగాల్లోనే పాడుకుంటూ వచ్చాయి. గొంతు స్వరం నుంచి స్వరానికి జారగలదు, మెట్ల వాయిద్యం జారలేదు. అది నిలిచిన చోటే తప్పు చోటైతే పాడేవారికి ఆనుకోవడానికి ఆధారం ఉండదు. ప్రాణంలేని పిల్లనగ్రోవి, వీణ అయినా స్వరభేదం స్పష్టంగా పలకకపోతే వినేవారికి ఏమీ తెలియదని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో హెచ్చరించాడు. వాయిద్యాన్ని సాకుగా తీసుకొని ఆయన మాట్లాడింది సంఘం గురించి.

మనమూ సంఘం గురించి ఆలోచిద్దాం. ఈ తీరం నుంచి ఎందరో మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస వెళతారు. నెలల తరబడి ఆరాధనకు దూరమై వచ్చిన ఒక సోదరుడు వెనుక వరుసలో మౌనంగా కూర్చుంటే, మనం ముందుగా ఏం తీస్తాం? గుడ్డనా, ఆకురాయినా? అందరి ఎదుట అన్న ఒక్క మాట గీకిన లోహం వంటిది. తర్వాత ఎంత బతిమాలినా తిరిగి అతకదు. అతని మీద అప్పు ఉందేమో, ఇంట్లో జబ్బు ఉందేమో, మనసులో భయం ఉందేమో. ముందు అది తుడవాలి. తప్పితంలో చిక్కుకున్నవాణ్ణి సాత్వికంగా సరిదిద్దాలనీ, సరిదిద్దేవాడు తన్ను తాను కనిపెట్టుకోవాలనీ గలతీ సంఘానికి పౌలు చెప్పిన క్రమం కూడా ఇదే. సరిదిద్దవద్దని కాదు. శ్రుతి తప్పిన రీడును అలాగే వదిలేయడం ప్రేమ కాదు. కావలసినంతే, అవసరమైన చోటే, విని విని సరిదిద్దాలి.

సముద్రతీరంలో అకార్డియన్ ఉన్న సంఘాలకు నాలుగు మాటలు. కిటికీ పక్కన తెరిచి ఉంచవద్దు. వాడిన తర్వాత పెట్టెలో పెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి తడిసినప్పుడు మార్చండి. రీడ్లకు నూనె రాయవద్దు, దుమ్ము అంటుకొని తోలుముక్కలు పాడవుతాయి. వారానికి ఒకసారైనా వాయించండి. తిత్తి కదలక మూలన పడిన పెట్టె పాడైనా ఎవరికీ త్వరగా తెలియదు. విశ్వాస జీవితం కూడా అంతే కదా!

రీడు అనే ఇంగ్లీషు మాటకు మొదటి అర్థం రెల్లు. నలిగిపోయిన రెల్లును సైతం తుంచివేయని సేవకుణ్ణి యెషయా 42వ అధ్యాయం మన ముందు నిలబెడుతుంది. ఆ మాట యేసు ప్రభువులో నెరవేరిందని మత్తయి సువార్త 12వ అధ్యాయం చెబుతుంది. ఉప్పుగాలికి నలిగిన ఉక్కు రీడును ఓపికతో పలికించే చేతులు మనుషుల్లో ఉన్నప్పుడు, నలిగిన మనిషిని పలికించే ప్రభువు చేతులు ఇంకెంత మృదువైనవి! బీరువా మీది పెట్టెనూ, వెనుక వరుసలోని సోదరుణ్ణీ పనికిరారని తీర్పు తీర్చే ముందు ఒక్కసారి దుమ్ము తుడిచి చూద్దాం.