పాఠం – 7: కనుమరుగైన మూకీలు – 'వాంప్' పాత్రలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• మూకీ చిత్రాల్లోని 'వాంప్' పాత్ర లక్షణాలను వివరించగలుగుతారు.
• 1922–24 మధ్య హైదరాబాదులో జరిగిన చిత్ర నిర్మాణాన్ని గురించి చెప్పగలుగుతారు.
• ఒక చిత్రం దొరకనప్పుడు దాన్ని గురించి ఏది చెప్పవచ్చో, ఏది చెప్పరాదో నిర్ణయించగలుగుతారు.

7.1 విషయ పరిచయం

'చింతామణి' అనగానే మీకు ఏం గుర్తుకొస్తుంది? నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పద్యనాటకాలు చూసిన పెద్దలనడిగితే కాళ్ళకూరి నారాయణరావు నాటకం అంటారు. సినిమా అభిమానులైతే 1956లో భానుమతి నటించిన చిత్రం అంటారు. కాని అంతకు 33 ఏళ్ళ ముందే, ఈ రెండు జిల్లాలూ నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో, హైదరాబాదులో ఒక 'చింతామణి' మూకీ తయారైంది. దాన్ని ఇవాళ ఎవరూ చూడలేరు.

7.2 'వాంప్' అంటే ఎవరు?

అందంతో పురుషుణ్ని ఆకర్షించి, అతని సంపదను, పరువును, ప్రాణాన్ని హరించే స్త్రీ పాత్రను 'వాంప్' అంటారు. రక్తం తాగే 'వాంపైర్' అనే మాటకు ఇది కురచ రూపం. 1915లో వచ్చిన 'ఎ ఫూల్ దేర్ వాజ్' అనే అమెరికా చిత్రంతో థీడా బారా ఈ పాత్రకు పెట్టింది పేరయింది. ఆమె నటించిన సుమారు 40 చిత్రాల్లో నేడు పూర్తిగా చూడగలిగినవి వేళ్ళమీద లెక్కించవచ్చు. 1917 నాటి 'క్లియోపాత్రా'లో మిగిలినవి కొద్దిపాటి తునకలే.

మన దేశంలో ఈ పాత్రకు పాత కథలే ఆధారమయ్యాయి. బిల్వమంగళుడు వేశ్య అయిన చింతామణి మోహంలో పడి అన్నీ మరిచిపోతాడు. వరదపొంగులో శవాన్ని దుంగ అనుకొని పట్టుకొని ఏరు దాటుతాడు. పామును తాడనుకొని గోడ ఎక్కుతాడు. ఇంతవరకే చూస్తే ఆమె వాంప్. అయితే కథ అక్కడ ఆగదు. ఈ తపన భగవంతుడిమీద ఉంటే తరించిపోయేవాడివి కదా అని అతణ్ని మందలించేది కూడా ఆమే. ఆ మాటతో అతడు లీలాశుకుడయ్యాడని ఐతిహ్యం. కాబట్టి చింతామణి పతనానికి కారణం, జ్ఞానోదయానికీ కారణం. ఈ విషయం గుర్తుంచుకోండి, ముందు అవసరమవుతుంది.

7.3 హైదరాబాదులో లోటస్ కంపెనీ

బెంగాలీ దర్శకుడు ధీరేన్ గంగూలీ 1922లో నిజాం ప్రోత్సాహంతో హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీ నెలకొల్పారు. 'ఇంద్రజిత్', 'లేడీ టీచర్', 'మ్యారేజ్ టానిక్', 'చింతామణి' వంటి చిత్రాలు ఇక్కడ తయారయ్యాయి. 1924లో ఆయన తన సినిమాహాలులో బొంబాయి చిత్రం 'రజియా బేగం' ప్రదర్శించారు. ముస్లిం రాణి ప్రేమకథ నిజాం ఆగ్రహానికి కారణమైంది. గంగూలీ రాజ్యం విడిచి వెళ్ళవలసివచ్చింది. కంపెనీ మూతపడింది. అధికారానికి, ఆచారానికి లొంగని స్త్రీ తెరమీద కనిపించినా ప్రమాదంగానే తోచిందని ఈ ఘటన తెలుపుతుంది.

7.4 ఎందుకు పోయాయి?

1. ఆనాటి ఫిల్ము నైట్రేట్‌తో చేసినది. అంటుకుంటే ఆర్పడం కష్టం. నిలవ ఉంచితే జిగటగా మారి, చివరకు పొడి అవుతుంది.
2. ఫిల్ములోని వెండి కోసం పాత రీళ్ళను కరిగించారు.
3. 1931లో 'ఆలం ఆరా', 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చాక మూకీలకు గిరాకీ పోయింది.
4. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో గాని ఏర్పడలేదు. అప్పటికే ఆలస్యమైంది.

మన దేశంలో తయారైన 1,300కు పైగా మూకీల్లో, తునకలతో కలిపి లెక్కించినా, మిగిలినవి బహు స్వల్పం.

7.5 లేని చిత్రాన్ని చదవడం ఎలా?

చిత్రం పోయినా కథాసంగ్రహం, ప్రకటన, నిశ్చల చిత్రం మిగలవచ్చు. ఇవి టిక్కెట్లు అమ్ముకోవడానికి తయారైనవి. అందువల్ల 'మోసపు సుందరి' అన్న ముద్రే మనకు చేరుతుంది గాని, ఆ ముద్ర వెనుక నటి చేసిన పని చేరదు. ఉదాహరణకు 1927లో వచ్చిన 'వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే'లో సులోచన (రూబీ మేయర్స్) ఎనిమిది వేషాలు వేశారు. వాటిలో పోలీసు, తోటమాలి, హైదరాబాదీ పెద్దమనిషి కూడా ఉన్నాయి. చిత్రం దొరకదు. పేరులోని 'అడవిపిల్లి' మాత్రం మిగిలింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ 1919 నాటి కలకత్తా చిత్రం 'బిల్వమంగళ్'. ఇందులో చింతామణిగా మిస్ గోహర్ నటించారు. ఈ చిత్రంలో 594 మీటర్ల భాగం ఫ్రాన్స్‌లోని సినిమాతెక్‌లో బయటపడింది. దాని ప్రతి 2016లో పుణె ఆర్కైవ్‌కు చేరింది. నిడివి సుమారు 28 నిమిషాలు. చిత్రంలో కొద్ది భాగమే. అయినా ఆమె చూపును, నడకను మనమే చూసి అంచనా కట్టవచ్చు. 1923 నాటి హైదరాబాదు చింతామణికి ఆ అవకాశం లేదు. ఆమె మోహినిగానే మిగిలిందో, గురువుగా కనిపించిందో తేల్చవలసింది తెర. ఆ తెర మనకు లేదు. కనుక 'ఆ చిత్రం తయారైంది' అని రాయండి. 'ఆ నటి అలా నటించింది' అని రాయకండి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. చింతామణిని కేవలం వాంప్ అనడం ఎందుకు సరిపోదు?
2. లోటస్ కంపెనీ మూతపడటానికి దారితీసిన చిత్రం ఏది?

7.6 సారాంశం

మూకీలతోపాటు నటీమణుల పనితనం పోయింది. వారిమీద వేసిన ముద్ర మిగిలింది. ఆధారం ఎంతవరకు చెబుతుందో అంతవరకే చెప్పడం చరిత్ర విద్యార్థి బాధ్యత.

7.7 కృత్యం

మీ ఊళ్ళోనో, బంధువుల ఇళ్ళలోనో పాత నాటకాల కరపత్రాలు, టూరింగ్ టాకీసు ప్రకటనలు, ఫొటోలు ఉన్నాయేమో వాకబు చేయండి. గ్రంథాలయంలో 'గోలకొండ పత్రిక' పాత సంచికలు దొరికితే తిరగేయండి. 1926లో మొదలైన ఆ పత్రిక మూకీల చివరి రోజులను చూసింది. దొరికిన ప్రతిదానికీ తేదీ, స్థలం, ఎవరి దగ్గర ఉన్నదీ రాసి ఫొటో తీయండి. అసలును యజమానికే తిరిగి ఇవ్వండి. పాత కాగితాలు అమ్మేయబోతుంటే ఒక్కసారి చూసి అమ్మమని చెప్పండి.