ముంపు వేళ వరి పైరు: ఎదుగుదలకు, ఓర్పుకు మధ్య హార్మోన్ల సమతౌల్యం

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరినపుడు మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 2022 జులైలో ఆ మట్టం 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగులు నేటికీ గరిష్ఠం. నది నిండుగా ఉన్నపుడు అడవి నుండి వచ్చే వాగుల నీరు ఎగదన్ని పల్లపు వరి పొలాలను ముంచుతుంది. ఆ రోజుల్లో పైరు బతుకుతుందా, కుళ్లుతుందా అన్నది మొక్కలోని హార్మోన్ల పరస్పర చర్యపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ముంపులో మొక్కకు అందే సంకేతం

వాయువులు గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తాయి. అందువల్ల మునిగిన మొక్కలో ఉత్పత్తి అయిన ఎథిలీన్ బయటకు పోలేక కణజాలంలోనే పోగవుతుంది. ఇదే ముంపుకు తొలి సంకేతం. ఎథిలీన్ పెరిగినపుడు ఎదుగుదలను అదుపులో ఉంచే అబ్సిసిక్ ఆమ్లం తగ్గి, జిబ్బరెల్లిన్ ప్రభావం బలపడుతుంది. ఫలితంగా ఆకులు, కాండం వేగంగా సాగి నీటిపైకి రావడానికి ప్రయత్నిస్తాయి.

లోతునీటి వరి రకాలకు ఈ సాగుదలే రక్షణ. సాధారణ రకాలలో మాత్రం ఇది నష్టదాయకం. బురద నీటిలో వెలుతురు తక్కువ కాబట్టి కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. నిల్వ ఉన్న పిండిపదార్థాలు సాగుదలకే ఖర్చవుతాయి. నీరు తీసిన తరువాత సన్నగా సాగిన మొక్క నిలబడలేక పడిపోతుంది.

ఎదుగుదలను ఆపే జన్యువు

ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్.13ఏ అనే వరి రకం పూర్తి ముంపును సుమారు రెండు వారాలు తట్టుకుంటుంది. దీనికి మూలమైన సబ్-1ఏ జన్యువును శాస్త్రవేత్తలు 2006లో వెల్లడించారు. ఈ జన్యువును మేల్కొలిపేది కూడా ఎథిలీనే. సబ్-1ఏ పనిచేసినపుడు జిబ్బరెల్లిన్ చర్యను నిరోధించే ప్రోటీన్లు పెరుగుతాయి. మొక్క సాగుదలను నిలిపివేసి, పిండిపదార్థాలను పొదుపు చేసుకుంటుంది. పత్రహరితం నశించడం తగ్గుతుంది. అంటే ఒకే హార్మోను ఒక రకంలో పరుగు పెట్టిస్తే, మరొక రకంలో నిలువరిస్తుంది.

నీరు తీసిన తరువాత ఒక్కసారిగా ఎండ, గాలి తగిలి మొక్క వాడిపోయే ప్రమాదముంది. అపుడు సబ్-1ఏ గల మొక్కలు అబ్సిసిక్ ఆమ్లానికి చురుకుగా స్పందించి నీటి నష్టాన్ని తగ్గించుకుంటాయి.

స్వర్ణ నుండి స్వర్ణ సబ్-1

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా స్థానంలో రూపొందిన స్వర్ణ (ఎం.టి.యు.7029) వంగడానికి ఈ జన్యువును జన్యుసూచికల సాయంతో సంకరణ పద్ధతిలో చేర్చారు. అలా వచ్చిన స్వర్ణ సబ్-1 వంగడం 2009లో మనదేశంలో విడుదలైంది. ముంపు లేని సంవత్సరంలో ఇది స్వర్ణతో సమానంగా దిగుబడినిస్తుంది. అవసరం లేనపుడు ఎదుగుదలకు అడ్డురాకపోవడమే ఈ రక్షణ విధానంలోని మేలు.

సాగులో పాటించవలసినవి

• ముంపు అవకాశమున్న పల్లపు పొలాల్లో లేత నారుకు బదులు బాగా ముదిరి గట్టిపడిన నారు నాటాలి. దానిలో పిండిపదార్థాల నిల్వ ఎక్కువ.
• వరద సూచన ఉన్నపుడు యూరియా వేయరాదు. నత్రజని లేత ఎదుగుదలను ప్రేరేపించి నిల్వలను తగ్గిస్తుంది.
• నీరు తీసిన వెంటనే కాక, కొత్త ఆకులు కనిపించిన తరువాతనే నత్రజని, పొటాష్ ఎరువులు వేయాలి.
• చనిపోయిన కుదుళ్ల స్థానంలో బతికిన కుదుళ్ల నుండి పిలకలు వేరుచేసి నాటుకోవచ్చు.

రెండు వారాలు మించిన పూర్తి ముంపుకు గాని, నెలల తరబడి నిలిచే నీటికి గాని సబ్-1ఏ పరిష్కారం కాదు. పొదుపు చేసిన నిల్వలు తరిగిపోయేలోగా నీరు తీయాలి. కాబట్టి వంగడం ఎంపికతో పాటు మురుగు కాలువలను వర్షాకాలానికి ముందే బాగుచేసుకోవడం అవసరం.