డయాలసిస్ రోగి చేయి వాస్తే ఉపేక్షించరాదు

మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నవారికి డయాలసిస్ యంత్రమే ఆసరా. సాధారణంగా వారానికి మూడు పర్యాయాలు, ఒక్కోసారి దాదాపు 4 గంటలపాటు వారి రక్తం ఆ యంత్రంలో శుద్ధి అవుతుంది. ఇందుకోసం చేతిలోని ధమనిని, సిరను శస్త్రచికిత్సతో కలిపి ఏర్పరచే మార్గమే ఫిస్టులా. దాన్ని కాపాడుకోవడమంటే ప్రాణాన్ని కాపాడుకోవడమే.

కొందరిలో ఫిస్టులా ఉన్న చేయి క్రమేణా వాచిపోతుంది. భుజం మీద, ఛాతీ మీద సిరలు ఉబ్బి కనిపిస్తాయి. సూదులు తీశాక రక్తం త్వరగా ఆగదు. ఒక్కోసారి ముఖం కూడా వాస్తుంది. నజర్ తగిలిందని తావీజు కట్టించేవారు, నీరు పట్టిందని కాపడం పెట్టేవారు మన ఇళ్లలో ఉన్నారు. ఈలోగా విలువైన కాలం గడిచిపోతుంది.

చేతి నుండి గుండెకు రక్తాన్ని చేర్చే పెద్ద సిరలు ఛాతీలో ఇరుకు కావడం ఈ వాపునకు ఒక ముఖ్య కారణం. ఫిస్టులా సిద్ధం కాకముందే డయాలసిస్ అవసరమైనవారికి మెడలోనో, కాలర్ బోన్ క్రిందనో క్యాథెటర్ అనే గొట్టం అమర్చుతారు. దాని రాపిడికి సిర లోపలి పొర గాయపడి దళసరి అవుతుంది. గొట్టం ఎక్కువ కాలం ఉన్నకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. కాలర్ బోన్ క్రింద అమర్చినవారిలో ఇది మరింత ఎక్కువ.

చికిత్సకు ఛాతీ కోయవలసిన అవసరం సాధారణంగా రాదు. చేతిలోనో, తొడ మొదటనో సూదితో చిన్న రంధ్రం చేసి, ఎక్స్‌రే తెరపై చూస్తూ సన్నని తీగను ఇరుకు దాటిస్తారు. దాని మీదుగా బెలూన్‌ను పంపి ఉబ్బిస్తే సిర వెడల్పవుతుంది. కొందరికి స్టెంట్ అమర్చవలసి ఉంటుంది. అయితే కొన్ని నెలలకు ఇరుకు తిరిగి ఏర్పడవచ్చు, చికిత్స మళ్లీ చేయించుకోవలసి రావచ్చు. దానికి నిరాశ చెందరాదు.

నివారణ మన చేతుల్లోనూ ఉంది. ఫిస్టులా వాడకానికి సిద్ధం కావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కనుక వైద్యులు సూచించినప్పుడే చేయించుకోవాలి. భయంతో వాయిదా వేస్తే చివరికి గొట్టమే గతి అవుతుంది. ఫిస్టులా ఉన్న చేతికి సెలైన్ ఎక్కించడం, బీపీ చూడడం అనుమతించరాదు.

రోగానికి చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్. వైద్యం ఆయన కల్పించిన సాధనం. దుఆ, వైద్యం పరస్పరం విరుద్ధం కావు. అర్హుడైన పేద రోగి చికిత్సకు మన జకాత్ సొమ్ము ఆసరా కాగలదు. డయాలసిస్ రోగిని పరామర్శించడానికి వెళ్లినప్పుడు చేయి వాచిందేమో అడుగుదాం. వాచి ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకువెళదాం.